నడవని బండి

వర్వారా పెరట్లో బానెట్ ఎత్తిన పాత వ్యాను. ఆమె కొడుకు గవ్రిల్ పోయి రేపటికి నలభై రోజులు. కంచె అవతలి ఇంటి నిస్తోర్ ఆ చావు తర్వాత ఇటు అడుగుపెట్టడం ఈ మధ్యాహ్నమే మొదలు.

“...బ్యాటరీ కాదురా నాయనా, కొత్తది వేయించాను. పట్నం నుంచి మెకానిక్ వచ్చి సెల్ఫ్ మోటారు పోయిందన్నాడు. అదీ విప్పించి చూపిస్తే లక్షణంగా ఉందన్నారు. తాళం తిప్పితే మాత్రం టిక్కు. మళ్లీ తిప్పితే మళ్లీ టిక్కు. అంతే.”

“సరే పిన్నీ, నువ్వు లోపలికెళ్లి కూర్చో. నేను చూస్తా.”

“నేను కూర్చుంటే నీకు పనిముట్లు ఎవరందిస్తారు? ఆ పొట్టేసుకుని వంగావంటే మళ్లీ లేపడానికి ఫాదరుగారిని పిలవాలి.”

“పదమూడో నంబరు స్పానర్ ఇవ్వు.”

“ఇదా?”

“అది పది. దాని పక్కది.”

“రేపు పొద్దున్నకల్లా నడవాలి నిస్తోర్. నలభయ్యో రోజు పంపకానికి గోధుమలు ఉడకేశాను, జడల రొట్టెలు అల్లేశాను. వాడి కోట్లు, బూట్లు మడిచి మూటకట్టాను. వ్యాను వాడి పేరు మీద గొర్రెలు కాసే అంగెల్‌కి ఇస్తున్నా. గొర్రెపిల్లల్ని సంతకి వేసుకెళ్తాడు పాపం. కానీ నడవని బండి ఇస్తే పైన వాడికీ నడవని బండే అందుతుంది. బతికుండగా తోసింది చాలదురా?”

“...ఉప్పు కాగితం ఉందా?”

“వాడి డబ్బాలో ఉంది. ఎందుకు?”

“ఈ ఎర్తు వైరు చూడు. ఇంజనుకి కలిసే చోట చిలుము పట్టింది. గీకి బిగిస్తే సరిపోతుంది.”

“దీనికా! ఇంత తీగకా నెల రోజులు!”

“ఇంత తీగకే. ఎక్కి తాళం తిప్పు పిన్నీ. గేరు ముట్టుకోకు.”

“తిప్పుతున్నా... అయ్యో! అయ్యో మరియమ్మ తల్లీ! మోగిందిరా! వాడు పొద్దున్నే పాలు వేసుకెళ్లేటప్పటి చప్పుడే! అదే దగ్గు, విన్నావా, మొదట రెండుసార్లు దగ్గి...”

“ఆపెయ్ పిన్నీ. ఆపు. అయిపోయింది. నేను వెళ్తా.”

“ఎక్కడికి? సూపుంది, తిని వెళ్లు.”

“ఆకలి లేదు.”

“నీకా? ఆరేళ్లప్పుడు మా మరదలి పెళ్లికి చేసిన కేకు నువ్వూ మావాడూ సగం మింగి పిల్లి మీదికి తోశారు. ఆ పిల్లిని నేను అన్యాయంగా కొట్టాను కూడా. నీకు ఆకలి లేకపోవడమేంటి?”

“పని ఉంది పిన్నీ.”

“ఒక్క మాట చెప్పి వెళ్లు. పట్నం వాడు రెండు రోజులు వెతికాడు, దొరకలేదు. నువ్వు లైట్లు వేసి చూడలేదు, బ్యాటరీ ముట్టుకోలేదు. వంగావు, చెయ్యి తిన్నగా ఆ తీగ మీదే పడింది.”

“అనుభవం.”

“ఆఁ, అనుభవం.”

“పాత బండ్లకి అక్కడే పోతుంది. ఎవడైనా...”

“ఎవడూ చూడలేదుగా. నువ్వెప్పుడు చూశావు?”

“ఇప్పుడే.”

“నిస్తోర్.”

“...ఇప్పుడే కాదు.”

“మరెప్పుడు?”

“వాడు పోయే ముందు శనివారం. మా గుమ్మం ముందు ఆగిపోతే చూశాను. పావుగంట పని. రేపు ఆదివారం చేస్తాలేరా అన్నాను.”

“ఆదివారం?”

“చేపలకి వెళ్లాను.”

“చేపలకి.”

“సాయంత్రం ఫోన్ చేశాడు. తెల్లారితే పాలు దింపాలిరా, ఎలాగా అన్నాడు. ‘ఆగితే దిగి తొయ్యి, ఎద్దులా ఉన్నావుగా’ అన్నాను. నవ్వాడు పిన్నీ. నవ్వి పెట్టేశాడు. పొద్దున కొండ మలుపులో ఆగిపోయింది. దిగి తలుపు పక్క నుంచి తోస్తుంటే, ఆ మంచులో, ఆ దుంగల లారీవాడికి...”

“లారీ సంగతి నాకు చెప్పకు. ఒళ్లు కడిగింది నేను.”

“నేనే తొయ్యమన్నాను పిన్నీ.”

“చేపలేమన్నా పడ్డాయా?”

“ఒక్కటీ పడలేదు.”

“ఒక్కటీ.”

“తిట్టు పిన్నీ. ఊరుకోకు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి.”

“చెయ్యి చాపు.”

“ఇదిగో. కొట్టు... ఇదేంటి, తాళం! పిన్నీ, అంగెల్‌కి అన్నావుగా!”

“అంగెల్‌కి కోట్లు చాలు. బండి నీది. రోజూ పొద్దున నువ్వే తిప్పాలి. ఆ దగ్గు ఇక్కడ నా వంటింట్లోకి వినపడాలి.”

“నావల్ల కాదు. వెనక్కి తీసుకో. నీ కాళ్లు పట్టుకుంటా.”

“పోయినవాడి పేరు మీద ఇచ్చింది కాదనకూడదు. పుచ్చుకునేవాడు పోయినవాడి కోసం అనాల్సిన మాట ఒకటుంది, చిన్నప్పట్నుంచీ అంటున్నదే. అను.”

“దేవుడు... నోరు రావట్లేదు పిన్నీ.”

“‘దేవుడు క్షమించుగాక’ అను, నిస్తోర్. ఎవర్నని నేనడగను.”