రాతికి కొట్టిన సున్నం

అమెరికాలోని ట్రాయ్‌లో ఓ అపార్ట్‌మెంట్. సగం సర్దిన సూట్‌కేసుల మధ్య పర్సిస్, ఆమె భర్త ఆనందబాబు.

"చేతులు చూపించండి."

"ఎందుకు? ముందు ఈ సూట్‌కేస్ చూడు, జిప్ పడట్లేదు."

"చేతులండీ. గోళ్ళలో ఆ తెల్లగా ఏంటది?"

"సున్నం."

"అయితే మీరే. ఇందాకటిదాకా ఆవిడతో వాదించాను. మావారు అలాంటి పని చెయ్యరండీ, శుక్రవారం ఫ్లైట్ పెట్టుకుని ఆయనకి ఊపిరే ఆడట్లేదు అని."

"ఎవరితో?"

"మార్జరీ గారితో. మన చర్చి వాళ్ళం ఏటా వెళ్ళి ఆకులు ఊడ్చే పాత స్మశానం లేదూ, దాన్ని చూసుకునే పెద్దావిడ. పొద్దున్నే ఫోన్. చిన్నపిల్లాడి రాయికి ఎవరో సున్నం కొట్టేశారు, మీవాళ్ళేమైనానా అని."

"కోప్పడిందా?"

"కోప్పడినా బాగుండేది. ఏడ్చిందండీ. అది పాతకాలపు పాలరాయట, మెత్తబడిపోయిందట. సున్నం గీకితే పేరు కూడా ఊడొచ్చేస్తుందట."

"నాకేం తెలుసు. రేపు సమాధుల పండగ. మన రేపల్లెలో ఆ రోజుకి సున్నం పడని సమాధి ఉంటుందా? దిక్కులేనివాళ్ళనుకోరూ?"

"ఆ పిల్లాడిది రేపల్లా?"

"ఆ స్మశానంలో మొదటి సమాధి వాడిదే పర్సీ. మార్జరీయే చెప్పింది. వాళ్ళ నాన్న న్యూయార్క్ వైపు నుంచి ఎడ్లబండి మీద వచ్చి ఇక్కడ అడవి కొట్టుకున్నాడట. పిల్లాడు జ్వరమొచ్చి పోతే చేను చివర పెట్టారు. తర్వాత చుట్టుపక్కల వాళ్ళూ తమవాళ్ళని తెచ్చి వాడి పక్కనే పెట్టడం మొదలుపెట్టారు. అలా అది స్మశానమైంది."

"వాళ్ళ అమ్మానాన్నలవి ఎక్కడున్నాయి?"

"లేవు. ఆ ఏడు పంట పోయిందని పొలం అమ్మేసి, ఇంకా పడమరకి వెళ్ళిపోయారట. మళ్ళీ రాలేదు."

"మనమూ శుక్రవారం వెళ్ళిపోతున్నాం."

"తెలుసు."

"వీసా అయిపోయింది, మళ్ళీ వస్తామో రామో. వెళ్ళేలోపు బాబు దగ్గరికి ఒక్కసారి రండి అని ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నాను?"

"ప్యాకింగ్ అవ్వనీ."

"పోయిన నెల ఆఫీస్ అన్నారు. అంతకుముందు నడుం నొప్పి. కన్నకొడుకు దగ్గరికి రావడానికి కాళ్ళు రావు గానీ, ఎవరి పిల్లాడికో మోకాళ్ళ మీద కూర్చుని సున్నం కొడతారా?"

"మనవాడికి కొట్టడానికి ఏముంది? ఆ కొత్త స్మశానంలో అన్నీ నేలలో పరిచిన పేరు పలకలే. గడ్డి కోసే మిషన్‌కి అడ్డమని రాయి నిలబెట్టనివ్వరుగా."

"ఆ పలకైనా చూశారా మీరు? వేసిన రోజు కూడా నాతో మన చర్చి లూసీయే వచ్చింది."

"ఆ రోజు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది."

"ఉంటుంది లెండి. నాకింక ఓపిక లేదు, అడగను. రేపు నేనొక్కదాన్నే వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వస్తాను. మీరు ఆ జిప్ చూసుకోండి."

"వెళ్ళాను."

"ఎక్కడికి?"

"వాడి దగ్గరికే. మొన్నా వెళ్ళాను, నిన్నా వెళ్ళాను. పలక చుట్టూ అయినా సున్నం గీత గీద్దామని బకెట్‌లో కలుపుకుని మరీ వెళ్ళాను."

"మరి?"

"వాడిని పెట్టిన రోజు అంతా మంచు. నేను తలెత్తి చూడలేదు. ఇప్పుడేమో ఆకుల కింద అన్నీ ఒకేలాంటి పలకలు. ఒక్కోటీ చేత్తో తుడిచి చూశాను, మనవాడి పేరు దొరకలేదు. తిరిగొస్తుంటే దారిలో పాత స్మశానంలో ఆ పిల్లాడి రాయి నిలబడి కనిపించింది. బకెట్ చేతిలోనే ఉంది."

"నన్నడగొచ్చు కదండీ."

"ఏమని అడగను పర్సీ? మన కొడుకుని ఎక్కడ పెట్టామో నాకు తెలీదనా?"