ఎడమ సీటు కవరు కుట్టు గురించి దుర్గం జయ చెప్పినది

నా పేరు దుర్గం జయ. భర్త పేరు నాగేశ్వర్. వయసు ఇరవై మూడు. చంద్రపూర్‌లో బల్లార్‌పూర్ రోడ్డు పక్కన మా ఆయనకు కార్ల సీటు కవర్ల దుకాణం ఉంది. వెనక గదిలో కవర్లు కుట్టేది నేను. మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఇంగ్లిష్ చదవడం రాదు. హెడ్ కానిస్టేబుల్ లక్ష్మీబాయి గారికి తెలుగు వచ్చు కాబట్టి ఆమెకు చెబుతున్నాను. ఈ రోజు 14 ఫిబ్రవరి 2025, శుక్రవారం.

కిందటి దసరాకు ముందు కరెంటు ప్లాంటు ఇంజనీరు సుదర్శన్ గారు, ఆయన భార్య హేమలత కొత్త చిన్న కారు తెచ్చారు. దానికి భద్రతలో ఐదు స్టార్లు వచ్చాయని, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని ఆయన మా ఆయనతో అనడం గదిలోంచి విన్నాను. బ్యాగులు స్టీరింగు దగ్గర ఉంటాయనుకున్నాను. సీటు లోపల కూడా ఉంటాయని తెలియదు. సీటు పక్కన ఇంగ్లిష్ అక్షరాల చిన్న పట్టీ ఉంది. కంపెనీ పేరనుకున్నాను. దాని మీదుగానే కవరు తొడిగాం.

మా కవర్లకు నమూనా నాగపూర్ నుంచి తెచ్చిన ఒక కవరు. దాన్ని విప్పి కొలతలు తీశాను. అందులో తలుపు వైపు జానెడు మేర సన్నటి దారంతో కుట్టి ఉంది. వేలితో లాగితే తెగింది. మంచి దారం చాలక ఎవరో అట్లా కానిచ్చారనుకున్నాను. మొదట నేనూ అట్లాగే కుట్టాను. ఒకాయన తిరిగొచ్చి, మూడు నెలలకే పక్క కుట్టు విచ్చుకుందని అందరి ముందు కవరు బల్ల మీద పడేశాడు. నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఆ జానెడూ నైలాన్ దారంతో రెండు వరసలు కుడుతున్నాను. ఎవరూ చెప్పలేదు. నేనే చేశాను.

కారు తెచ్చిన రోజు హేమలతక్క గదిలోకి వచ్చి నా పక్కనే కూర్చుని చాయ్ తాగింది. కుట్టు లాగి చూసింది. "మా అత్త నోరన్న మూతపడ్తదేమో గని, నీ కుట్టు మాత్రం ఊడదే జయా" అని నవ్వింది.

ఈ నెల 11వ తేదీ మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకు పడోలీ చౌరస్తాలో బొగ్గు టిప్పర్ వాళ్ల కారును ఎడమవైపు గుద్దింది. అక్క ఎడమ ముందు సీట్లో ఉంది. బెల్టు పెట్టుకునే ఉంది. ఆస్పత్రికి చేరకముందే చనిపోయింది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి ఠాణా ఆవరణలో మా ఆయనకూ నాకూ కారు చూపించారు. తలుపు లేదు. అద్దం లేదు. సీటు పక్క కవరు ఉబ్బి ఉంది. ఆర్టీవో సారు బ్లేడుతో కోశారు. లోపలి నుంచి తెల్లటి బట్ట జారింది, అదే ఎయిర్‌బ్యాగట; సీటు పక్క పట్టీ మీద రాసి ఉన్నదీ ఆ పేరేనట. గుద్దినప్పుడే అది ఆ సన్నటి దారం తెంచుకుని బయటికి వచ్చి అక్కకూ తలుపుకూ మధ్య నిలవాల్సిందన్నారు. నా కుట్టు ఊడలేదు. జానెడులో ఒక్క పోగు తెగలేదు.

ఇంటికి వెళ్లాక మా ఆయన, "నాగపూర్ల కొన్న కవర్లే అని చెప్పు. నువ్వు కుట్టినవని ఎవలకు ఎర్క?" అన్నాడు. ఆయన ఫోన్‌లోంచి గిరాకీల నంబర్లు తుడిచేస్తుంటే పక్కనే నిలబడి చూశాను.

అట్లా కుట్టినవి పదకొండు కార్లకు. అక్క కారు పోగా పది తిరుగుతున్నాయి. కవరు అడుగున చివర ఎర్ర దారంతో ముడి వేస్తాను. చూస్తే గుర్తుపడతాను.

ఈ రోజు పదకొండింటికి ఆటోలో ఇక్కడికి వస్తుంటే బెంగాలీ క్యాంపు సిగ్నల్ దగ్గర తెల్ల కారు పక్కన ఆగాం. బూడిద రంగు కవరు, ఎర్ర అంచు. నేను కుట్టినదే. ముందు సీట్లో బడి బట్టల్లో ఒక పాప తలుపు వైపు వాలి నిద్రపోతోంది. పిలుద్దామనుకున్నాను. సిగ్నల్ ఇచ్చారు. కారు నాగపూర్ రోడ్డు వైపు తిరిగింది. నంబరు చివర 47.

రాసినదంతా లక్ష్మీబాయి గారు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజమే. నన్ను ఎవరూ భయపెట్టలేదు. ముందు ఆ తెల్ల కారు సంగతి వైర్‌లెస్‌లో చెప్పి, తర్వాత సంతకం తీసుకోమని అడిగాను. ముందు సంతకం చేయమన్నారు. చేశాను. మధ్యాహ్నం పన్నెండూ నలభై.

జయ
(మరాఠీ అక్షరాల్లో సంతకం)