ఇరవై ఆరేళ్ళ ఖైదీ

అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. కోర్టు వెనక టీకొట్టు బెంచీ మీద కూర్చుని రికార్డు బాబాయి చెప్పే అబద్ధాలు అతకవు సరికదా, ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అయినా వినేవాళ్ళకు కరువు లేదు. కోర్టులో ఆ పూట విన్న అబద్ధాల కంటే ఇవి నయం, వీటివల్ల ఎవరికీ శిక్ష పడదు.

బాబాయిది రికార్డు గదిలో గుమాస్తా పని. తేలిన కేసుల కట్టలూ, తేలని కేసుల కట్టలూ, ఎలకలు తేల్చేసిన కట్టలూ ఆయన అధీనంలోనే ఉంటాయి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. పోయిన వారం దాకా ఆయనకు ఆ సంగతే గుర్తు లేదు. పోయిన వారం ఆయన తోడల్లుడి ఫోటో పేపర్లో పడింది.

తోడల్లుడు లెక్కల మనిషి. విచారణ తేలకుండా జైళ్ళలో ఎంతమంది మగ్గుతున్నారు, ఎందుకు మగ్గుతున్నారు, ఏం మారిస్తే బయటపడతారు అని తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అందులో అంకెలన్నీ చూసేది ఈయనే. పోలీసులు, జైలువాళ్ళు, లాయర్లు, జడ్జీలు, ఖైదీల ఇంటివాళ్ళు, అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం కూడా ఈయన పనే. ఒకే రోజు, ఒకే హాల్లో, అక్కను బాబాయికీ చెల్లెల్ని ఈయనకూ ఇచ్చి పెళ్ళి చేశారు. వయసులోనూ వరసలోనూ బాబాయే పెద్దల్లుడు. కానీ ఫోటో పడ్డ రోజు నుంచీ అత్తగారింట్లో ఫ్యాను కింద కుర్చీ చిన్నల్లుడిదైపోయింది. బాబాయి భార్య ఆ ఫోటో కత్తిరించి ఫ్రిజ్జు తలుపుకి అంటించింది. సీసా తీద్దామని వెళ్ళినప్పుడల్లా తోడల్లుడు నవ్వుతూ ఎదురవుతాడు. వారం రోజులుగా బాబాయి చల్లటి నీళ్ళు మానేశాడు.

రేపు ఆ కమిటీ ఆఖరి సమావేశం. కోర్టు సిబ్బంది తరఫున ఒక్కరికి కుర్చీ ఇచ్చారు. ఎవరి పేరు పంపాలో తేల్చేది టైపిస్టమ్మ, యూనియన్ కార్యదర్శి ఆవిడే. మూడు గంటలకల్లా కాగితం వెళ్ళిపోవాలి. ఇప్పుడు రెండున్నర, ఆవిడ ఒళ్ళో ఉన్న కాగితం మీద పేరు రాసే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ కుర్చీ బాబాయికి కావాలి. తోడల్లుడి ముందు బల్ల మీద పేరుపలక ఎంత పొడుగుంటే తన ముందు కూడా అంత పొడుగుది ఉండాలి. అంతకు మించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగడం లేదు.

"అసలు పని ఎవరు చేశారో తెలుసుకుని రాయమ్మా" అని మొదలుపెట్టాడు. "రెండు నెలల కిందట మా తోడల్లుడు రికార్డు గదికొచ్చాడు. గుమ్మంలోనే తుమ్ములు. 'అన్నయ్యా, పాత రిజిస్టర్లు ఎక్కడుంటాయి' అన్నాడు. బీరువా చూపించాను. ఆ బీరువా నేను చూపించకపోతే ఆ కమిటీ ఎక్కడిది, ఆ ఫోటో ఎక్కడిది? పైగా కంప్యూటర్లో ఫారం నింపడం నాకు నేర్పుతాడట. ముప్పై ఏళ్ళు ఫారాలు నింపినవాడికి. 'ఉత్తుత్తిగా ఒకటి నింపండి, తర్వాత తీసేద్దాం' అన్నాడు. నింపి చూపించాను. నోరెళ్ళబెట్టాడు."

ఇంతవరకూ దాదాపు నిజమే. బీరువా ఆయనే చూపించాడు, ఫారమూ నింపాడు. నిజానికి ఆ రోజు ఇద్దరూ ఆ ఫారం చూసుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు కూడా. కుర్ర లాయరు ఊరుకుని ఉంటే కథ అక్కడే ఆగేది.

"మీ తోడల్లుడి ఫోటో మా అమ్మ కూడా చూసింది బాబాయ్. ఎంత కళగా ఉన్నాడో అంది" అన్నాడతను.

బాబాయి బెంచీ మీద ముందుకు జరిగాడు.

"ఫోటోకేం, కెమెరా ముందు నిలబడితే దున్నపోతు కూడా పడుతుంది. కేసు కట్టలు ఎవరు చదివారో అడుగు. నాలుగు వేలు. ఒక్క ఆదివారం. పొద్దున తొమ్మిదికి కూర్చుని సాయంత్రం అయిదుకి లేచాను, మధ్యలో భోజనానికి గంట. నాకు కట్ట విప్పక్కర్లేదు నాయనా, వాసన చూసి ఏ ఏడాదిదో చెప్తాను, చేత్తో ఎత్తి ఎన్ని వాయిదాలు పడ్డాయో చెప్తాను. ఒక కట్ట ఎత్తితే నడుం పట్టేసింది. చూస్తే నూట పన్నెండు వాయిదాలు, కోడి దొంగతనం."

"మరి కంప్యూటరెందుకు?" అన్నాడు టీకొట్టాయన.

"దానికి జ్వరమొచ్చింది. చెయ్యి పెట్టి చూశాను, పెనంలా కాలిపోతోంది. 'పడుకోమ్మా' అని దుప్పటి కప్పి, సగటులన్నీ నేనే వేళ్ళ మీద వేశాను. నా వేళ్ళు చాలక మా బంట్రోతు చేత చెప్పులు విప్పించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సమావేశం. పోలీసులొక మూల, జైలువాళ్ళొక మూల, లాయర్లొక మూల. తప్పంతా కోర్టుదంటారు పోలీసులు, జైలుదంటుంది కోర్టు, మమ్మల్నంటారేంటి ఖైదీల్ని తేవడానికి మాకు బండే లేదంటుంది జైలు. మావాడేమో గోడకి పసుపు చీటీలు అంటించుకుంటూ నిలబడ్డాడు. నేను వెనక వరసలోంచి లేచి 'లేవండి అందరూ' అన్నాను. లేచారు. పెద్ద జడ్జిగారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బోనులో నిలబెట్టాను. పోలీసు పెద్దాయన్ని ఖైదీల భార్యల మధ్య కూర్చోబెట్టి, చేతిలో వాయిదా కాగితం పెట్టాను. ఒక ఖైదీ తల్లిని జడ్జిగారి కుర్చీలో కూర్చోబెట్టాను. 'ఇప్పుడు చెప్పండి తప్పెవరిదో' అన్నాను. చీమ చిటుక్కుమంటే వినపడుతుంది. పావుగంటకి పోలీసు పెద్దాయన నా భుజం మీద తల పెట్టి ఒకటే ఏడుపు. చొక్కా తడిసి ముద్దయింది. ఇంకా ఉతకలేదు, కావాలంటే తెచ్చి చూపిస్తాను."

"అప్పుడు మీ తోడల్లుడు ఏం చేస్తున్నాడు?" అంది టైపిస్టమ్మ.

"ఏం చేస్తాడు, నా వెనక నిలబడి రాసుకుంటున్నాడు."

"మరి పేపర్లో మీ పేరు లేదే."

"నేనే వద్దన్నాను. పోనీలే, చిన్నవాడు, పైకి రావాలి కదా."

ఆ మాటంటున్నప్పుడు బాబాయి గొంతులో నిజమైన బాధ పలికింది. ఎవరో తనకు అన్యాయం చేశారని ఆయనకే నమ్మకం కుదిరిపోయింది. టైపిస్టమ్మ కలం మూత తీసింది. అది చూసేసరికి బాబాయికి పూనకం వచ్చింది.

"ఇదంతా ఒక ఎత్తు, ఇరవై ఆరేళ్ళ ఖైదీ ఒక ఎత్తు."

బెంచీ మీద అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆ ఖైదీ సంగతి కోర్టంతా చెప్పుకుంటున్నదే. కమిటీ అంకెల్లో ఒక మనిషి తేలాడు. అరెస్టయి ఇరవై ఆరేళ్ళు, విచారణ లేదు, బెయిలు లేదు, విడుదల లేదు. ఖైదీల పరువు పోకూడదని కమిటీ పేర్ల బదులు నంబర్లు వాడుతుంది, అందుకని ఎవరో ఏమిటో తెలియదు. వెతకమని జైళ్ళన్నిటికీ ఉత్తరాలు వెళ్ళాయి. బెంచీ చివర, కవరు ఒకటి పక్కన పెట్టుకుని అప్పటిదాకా మౌనంగా టీ తాగుతున్న జైలు వార్డరు గ్లాసు కింద పెట్టాడు.

"ఆయన్ని పట్టుకున్నది ఎవరనుకున్నారు? మా తోడల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. 'లేవరా, నడు' అని నేనే తీసుకెళ్ళాను. జైలు వెనక జైలు, దాని వెనక ఇంకో జైలు. ఆ గది ఉందని జైలువాళ్ళకే తెలియదు. తాళం తుప్పు పట్టి తలుపులో కలిసిపోయింది. లోపల మనిషి. గడ్డం ఎంత పొడుగనుకున్నారు? కిటికీలోంచి బయటికొచ్చి, ప్రహరీ ఎక్కి, అవతల వీధిలోకి దిగింది. ఆ వీధివాళ్ళు దాని మీద బట్టలారేసుకుంటున్నారు. నేను 'అయ్యా' అన్నాను. ఆయన కళ్ళు తెరిచి, 'వచ్చావా రికార్డు బాబాయ్, నువ్వొస్తావని నాకు తెలుసు' అన్నాడు."

"ఇరవై ఆరేళ్ళుగా లోపలున్నాయనకి మీ పేరెలా తెలుసు?" అన్నాడు కుర్ర లాయరు.

"జైల్లో నా పేరు తెలియనివాడెవడు? తాళం వంక ఒక్క చూపు చూశాను, ఊడి పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చప్పుడుకి పక్క గది తాళం ఊడింది, దాని పక్కది ఊడింది, అలా ఆ జైలంతా, ఆ పక్క జిల్లా జైలంతా. సాయంత్రానికి రాష్ట్రంలో ఖైదీ అన్నవాడు లేడు. జైలు పెద్దాయన పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. 'బాబాయ్, ఒక్కడినన్నా ఉంచు, లేకపోతే నా ఉద్యోగం పోతుంది, పిల్లలు గలవాణ్ణి' అని. పాపం అనిపించి ఒక జేబుదొంగని వెనక్కి పంపించాను."

టీకొట్టాయన నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. టైపిస్టమ్మ కలం కాగితం మీద ఆనించింది. "మరి బాబాయిగారి పేరే రాసెయ్యనా?" అంది బెంచీ వంక చూస్తూ.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు వార్డరు.

ఆయన లేచి వచ్చి బాబాయి ఎదురుగా నిలబడ్డాడు. "ఆ ఖైదీ కోసం మూడు రోజులు వెతికినవాళ్ళలో నేనూ ఉన్నానండీ. ప్రతి గదీ చూశాం, ప్రతి పుస్తకమూ తిరగేశాం. మనిషి దొరకలేదు. నిన్న మీ తోడల్లుడుగారు వచ్చారు. మా జాబితాలో అరెస్టు తేదీ చూసి ఆగిపోయారు. ఫిబ్రవరి పదకొండు. కాసేపటికి ఒక్కరే నవ్వడం మొదలుపెట్టారు. 'ఈయన ఏ జైల్లోనూ దొరకడండీ, నాకు తెలుసు ఎక్కడున్నాడో' అన్నారు. అసలు ఫారం కంప్యూటర్లోంచి తీయించి, మీకిమ్మని ఈ కవర్లో పెట్టి ఇచ్చారు."

బాబాయి చెయ్యి చాచలేదు. కుర్ర లాయరు చాచాడు, కాగితం తీసి పైకి చదివాడు.

"వృత్తి, కోర్టు రికార్డు గది గుమాస్తా. అరెస్టు తేదీ, ఫిబ్రవరి పదకొండు, ఇరవై ఆరేళ్ళ కిందటిది. నేరం, అందరి ముందూ సరేననడం. బెయిలు, అడిగే ధైర్యం లేదు. జామీను, అత్తగారు. ప్రస్తుతం ఉంచిన చోటు..." అతను ఆగి బాబాయి వంక చూశాడు. "ఇది మీ ఇంటి నంబరు కదా బాబాయ్."

"ఫిబ్రవరి పదకొండేమిటి?" అన్నాడు టీకొట్టాయన.

"పెళ్ళిరోజు" అన్నాడు బాబాయి. అప్పటిదాకా వీధి చివరకు వినపడ్డ గొంతు ఆయనకే వినపడలేదు.

ఉత్తుత్తిగా నింపిన ఫారం తీసేయడం ఇద్దరూ మరిచిపోయారు. విడుదల తేదీ గడి ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని కంప్యూటరు లెక్క. అలా రెండు నెలలుగా రాష్ట్రంలోకెల్లా పాత ఖైదీగా బాబాయి జైల్లో ఉన్నాడు.

బెంచీ బెంచీ అంతా ఊగిపోయింది. టైపిస్టమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బాబాయి మాత్రం వార్డరు మొహమే చూస్తున్నాడు. ఈ నవ్వు రేపటికి కోర్టంతా, ఎల్లుండికి అత్తగారిల్లంతా పాకుతుంది. ఇక ఆ కుర్చీ ఆశ వదులుకోవాల్సిందే. తోడల్లుడు కావాలనే ఇంతమందిలో కవరు ఇప్పించాడని, తనను నవ్వులపాలు చేయడానికేనని మనసులో అనుకున్నాడు.

"ఒంటరిగా ఉన్నప్పుడు ఇమ్మన్నారండీ" అన్నాడు వార్డరు, ఆ మాట విన్నట్టే. "ఇద్దామనే వచ్చాను. మీరేమో మా జైళ్ళన్నీ ఖాళీ చేసేస్తున్నారు, ఆగలేకపోయాను. ఇంకో సంగతి. మీరు దొరకలేదు గానీ, మీ కోసం పుస్తకాలు తిరగేస్తుంటే ముగ్గురు దొరికారు. బెయిలొచ్చి పదకొండు వారాలైనా, ఆ సంగతి ఎవరూ చెప్పక లోపలే ఉండిపోయినవాళ్ళు. పొద్దున పంపించాం. ఒకాయన తల్లి గేటు దగ్గర కూర్చునే ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. కవర్లో చిన్న చీటీ కూడా ఉంది. కుర్ర లాయరు ఈసారి చదవలేదు, బాబాయి చేతికిచ్చాడు.

'అన్నయ్యా, అదే రోజు నన్ను కూడా పట్టుకున్నారు, మరిచిపోయారా? తీసేయడం మరిచింది నేను, తప్పు నా పేరు మీదే రాశాను. ఒక్క ఖాళీ గడి ఏం చేస్తుందో రేపు వాళ్ళకు మీరు చెబితేనే బాగుంటుంది, నాకు మాటలు రావు. నా పక్క కుర్చీ మీకోసం ఉంచమన్నాను.'

బాబాయి రెండుసార్లు చదువుకున్నాడు. ఒక్క తిట్టు రాసి ఉన్నా బాగుండేది, కుళ్ళుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. వారం రోజులుగా చల్లటి నీళ్ళు మానుకుని దాచుకున్న కడుపుమంట ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

టైపిస్టమ్మ ఎవర్నీ అడగకుండా కాగితం మీద ఆయన పేరు రాసేసింది. "రేపు ఉన్నది ఉన్నట్టు చెప్తారా మరి?" అంది.

"చెప్తాను" అన్నాడు బాబాయి. చీటీ మడుస్తూ, "గడ్డం సంగతి చెప్పనులే" అన్నాడు.

వార్డరు జేబులోంచి కలం తీసి ఫారం ఆయన ముందు పెట్టాడు. "ఆ ఆఖరి గడి కూడా నింపి పంపమన్నారండీ. లేకపోతే లెక్కలో మీరు లోపలే ఉంటారట. విడుదల తేదీ ఎప్పుడని వెయ్యమంటారు?"

బాబాయి కలం చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఖాళీ గడి వంక చాలాసేపు చూశాడు. కలం మూత పెట్టి, ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్లో అడిగి చెప్తాను."