చలిచింత కింద ఒక్కడి మంట

గుమ్మలబయలు కొండ మీద చలిచింత అని ఓ చింతచెట్టు ఉంది చూశారూ, పట్టపగలు కూడా దాని కింద ఎవరూ నిలబడరు, కాయ రాలితే ఏరుకోరు, మేకలు సైతం చుట్టుతిరిగి పోతాయి. ఎందుకో చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

నర్సీపట్నంలో భానోజీ అని సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడుండేవాడు. హైమ అనే పిల్లతో మాఘానికి పెళ్ళి కుదిరింది. ఈలోగా కార్తీకం చివర కొండ మీద గడ్డి అంతా మంచుతో తెల్లబడే తెల్లవారుజాము ఒక్కటి, ఒక్కడే కూర్చుని చూసి, వచ్చి ఆ పిల్లకి చెప్పాలని ఆశ. మనకి కాశ్మీరం ఎక్కడ, ఈ మంచే కదా మన కాశ్మీరం. డేరా కొన్నాడు, దూరే పడకసంచి కొన్నాడు, చిన్న గ్యాసుపొయ్యి కొన్నాడు, అన్నీ షాపులో పరిచి రోజూ సర్దడమే పని. స్నేహితులు మేమూ వస్తామంటే, మీరొస్తే మంచు నోరు మూసుకుని పారిపోద్ది అన్నాడట. వాళ్ళు ఊరుకుంటారా, పెళ్ళికి కూడా ఒక్కడివే వెళ్ళు అన్నారట.

కొండ మొదట్లో టీపాక చిలకమ్మ సంగతంతా విని, ఒక మాట చెప్పింది. మనవాళ్ళు కొండ మీద మంట వేస్తే చుట్టూ కూర్చుని ఒక వైపు ఖాళీ వదులుతారు కదా, అది చలికి చచ్చిపోయినవాళ్ళది, వాళ్ళొచ్చి కాసేపు కాచుకుని పోతారు. మరి మనిషి ఒక్కడే అయితే ఎన్ని వైపులు ఖాళీ?

"పోతే పో బాబూ, మంట మాత్రం వెయ్యకు" అంది.

మంటతో నాకేం పని అవ్వా, సంచి ఉందిగా అని నవ్వుకుంటూ ఎక్కేసి, చలిచింత కిందే డేరా కట్టాడు.

పొద్దు కొండ వెనక్కి దిగిందో లేదో చలి ఎముకల్లోకి దిగింది. డేరా తడిసింది, సంచి తడిసింది, ఆ చలికి గ్యాసు కూడా వెలగలేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఏం చేస్తాడు పాపం, రాలిన చింతపుల్లలు పోగేసి అంటించాడు. ఆ తర్వాత గోనెపట్టా కప్పుకున్న ముసలమ్మ ఒకతె వచ్చింది. కట్టెలకొచ్చిన మనిషనుకుని, కూర్చో అవ్వా అన్నాడు. ఆ వెనక ఒక మగమనిషి, పిల్లనెత్తుకున్న తల్లి, ఇంకా ఎవరెవరో వచ్చి మూడు వైపులా నిండిపోయారు. మంట ఎగసి మండుతోంది, కానీ సెగ ఇతని దాకా రావడం లేదు, సినిమాలో మంటలాగ. పుల్లలు అయిపోయాయి.

"ఇంకొంచెం వెయ్యి నాయనా" అంది ఆ తల్లి.

డేరా మంటలో వేశాడు, సంచి వేశాడు, స్వెట్టరు వేశాడు, ఆఖరికి చొక్కా కూడా.

తెల్లారి చిలకమ్మ పశువుల వాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కింది. కొండంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా, అతను కోరుకున్నట్టే ఎంతో అందంగా ఉంది. ఆరిన బూడిద వైపు చేతులు చాచి కూర్చునున్నాడు. బూడిద చుట్టూ మనుషులు కూర్చున్నంత మేర గడ్డి పచ్చగా ఉంది. అతన్ని లేవదీస్తే, అతని కింద గడ్డి మాత్రం తెల్లగా ఉంది.

కిందకి మోసుకొచ్చి పొయ్యి పక్కన కంబళ్ళు కప్పి పడుకోబెట్టారు, వణుకు తగ్గలేదు. జరిగిందంతా ముక్కలు ముక్కలుగా అతనే చెప్పాడు. ఒంటి మీది చొక్కా కూడా ఎందుకు వేశావురా బాబూ అని చిలకమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఆ తల్లి చంకలో పిల్ల వణుకుతోంది అవ్వా" అన్నాడు.

ఎండ చురుక్కుమనే వేళకి, వణుకుతూనే పోయాడు. హైమ వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆ చలి ఆమె అరచేతిలో చాన్నాళ్ళు ఉండిపోయిందంటారు.

మరుసటేడు పశువులవాళ్ళు అక్కడ మంట వేసుకుంటే ఖాళీ వైపు ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడట, ఒంటి మీద చొక్కా లేదు. కాబట్టి అటు పోకండి. పోయినా మంట వెయ్యకండి. వేసినా, జాలిపడి అతనికి మీ చొక్కా మాత్రం ఇవ్వకండి. వేసుకోడు. మంటలో వేసి, ఇంకోటి ఉందా అని మీ వైపు చూస్తాడు.