పుండు కొలత

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిన రోజు. రాయదుర్గంలోని ఒక ప్రయోగశాలలో, షుగర్ పుండుతో వచ్చిన మనిషి కాలికి పరిశోధకురాలు కట్టు విప్పుతోంది.

“నా భూమి కొన్న ఆ తిమ్మప్ప బాగుపడడు, మేడం. ఈ బిల్డింగు కింద భూమి నాదే. అరెకరం అమ్ముతనంటే మొత్తం కొలిచి రాయించుకుండు. నాలుగుల బడి ఇడిసినోణ్ని, సదవకుండ సంతకం పెట్టిన. మీ ఆంధ్రోళ్లంతా గంతే.”

“ఆయనది అనంతపురం, నాది తెనాలి. నన్ను తిట్టకండి బాబాయ్. అయ్యో, ఇంత రక్తమేంటి? ఎలా వచ్చారు?”

“మదీనాగూడ నుంచి నడిచొచ్చిన. ఆటోలు గూడ లేవాయె.”

“ఈ కాలితోనా? ఫోన్ చేయాల్సిందండీ!”

“రాకుంటే మీ కొత్త మందు పరీక్షల నా పేరు కొట్టేస్తరని భయమైంది. ఏది, పుండు మానెతందుకు మీరు చేసిన ఆ కొలాజెన్ పొర ఎయ్యి. ఎందుకాగినవ్?”

“పది రోజుల క్రితం మీ పుండు అంచు గీసుకుని, ఆ కొలతకే ఈ పొరని మెషిన్‌లో అచ్చు వేశామండి. అప్పుడు ఆరు చదరపు సెంటీమీటర్లు. నడిచేసరికి తొమ్మిది దాకా పెరిగినట్టుంది. ఇది అంచులకు అందదు.”

“పదిహేను రోజులల్ల మానకుంటే పాదం తీసేస్తమన్నరు దవాఖానల.”

“కొత్తది వేయడానికే పది రోజులు పడుతుంది. ఇవాళే మళ్లీ గీస్తాను. పడుకోండి.”

“పడుకోను. కూసొని చూస్త.”

“నొప్పి పుడుతుందండి.”

“పుట్టనీ బిడ్డా. తిమ్మప్ప భూమి కొలిచిననాడు దగ్గరుండి చూడలే. అరెకరం కాడ ఎకరం పన్నెండు గుంటలు పోయింది.”