పొట్టోళ్ళ దేశం

నన్నడిగితే ఏం లాభం పరశురామప్పా? కృపమణి పనికి ఎందుకు రాలేదో నీకు తెలీదా? గడపలో నిలబడొద్దు, వచ్చి కూర్చో. జీన్స్ యూనిట్ సూపర్‌వైజరుకు ఈ లక్ష్మక్క ఇంటికాడ ఏం పని అనుకుంటారు చూసేవాళ్ళు.

సరే, విను. నాకు మొదటినుంచే అనుమానం. ఎప్పుడూ జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులోకి ఆ పచ్చమచ్చల గుడ్డ వచ్చిన పొద్దే కిటికీలు మూయించినావు. మా ఫోన్లు పెట్టెలో వేయించినావు. ఏందప్పా ఇది అంటే, సముద్రం నడిమధ్య ఏదో చిన్న దేశమంట, వాళ్ళ మిలిట్రీకి యూనిఫాం అంట. ఆ దేశానికంతా ఒకటే క్యాంపంట, సైన్యమంతా దాంట్లోనే ఉంటాదంట. మిలిట్రీ బట్టలకు ఇంత దాపరికం ఎందుకప్పా? ఆ దేశం పేరన్నా చెప్పినావా? మేము అడిగినప్పుడల్లా నీకు ఫోన్ వస్తాండె.

కృపమణి నాలాగ కాదు, నమ్మింది. ఆ సైనికుల కోసం చర్చిలో ప్రార్థన కూడా చేయించింది, పిచ్చిది. నా పక్క మిషనే కదా, కాలర్లు కుడతా పాటలు పాడుతాండె.

మొదట్లో కుట్టేదానికి కత్తిరించి వచ్చిన కటింగు పెద్దోళ్ళ కొలతదే. రాన్రాను చిన్నదవుతా వచ్చింది. నాకు కనపడలేదా? కనపడింది. అయినా కుడతానే ఉంటిని.

ఒకనాడు చొక్కా ఒకటి కాలరు సరిగా రాలేదని, ఇంట్లో సరిచేద్దామని కృపమణి సంచిలో వేసుకొని పోయింది. తప్పే, కాదనను. వాళ్ళ పాప రెజీనా ఏడో క్లాసు చదువుతాండాది కదా, అది ఆ చొక్కా తొడుక్కొని అమ్మ ముందర నిలబడి సెల్యూట్ కొట్టింది. నవ్వబోయింది కృపమణి. భుజాల కాడ చూసింది. చేతుల కాడ చూసింది. ఆ పిల్లకు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయిండాదప్పా.

"అక్కా, పాప ఒంటిమీంద నుంచి గుండీలు తెగేట్టు లాగేసినా" అని నాతో చెప్పింది.

తెల్లారి అందరి ముందరా నిన్నడిగింది. గొంతు కూడా పెంచలేదు.

"ఇవి తొడుక్కునేది ఎవురప్పా?"

నువ్వేమన్నావు? "ఆ దేశపోళ్ళు పొట్టోళ్ళు లేమ్మా" అంటివి. అనేటప్పుడు ఆయమ్మ మొగం చూడలేదు నువ్వు. నేను నిన్నే చూస్తాంటి.

ఆమె మిషన్ మీద ఉన్న గుడ్డ మడిచి పెట్టింది, టిఫిన్ డబ్బా తీసుకుంది, పోయింది. ఇప్పుడు రూపనగుడి బస్సెక్కి మిరపకాయ కోతకు పోతాండాది. చేతులు ఒకటే మంటలంట. అయినా పడుకుంటే నిద్ర వస్తాదంట.

పిలుచుకొని రమ్మంటావా? నేను పోను. ఏ మొగం పెట్టుకొని పిలిచేది?

నా సంగతా? నేనెందుకు రాను, వస్తా. నా మోకాళ్ళు పోయినాయి, చేన్లో వంగలేను. ఆమె వదిలిపెట్టి పోయిన కాలర్లు కూడా నేనే కుట్టినా, నువ్వు గమనించలేదు గానీ.

ఒక్క మాట. ఈ తడవ వచ్చిన కటింగు ఇంకా చిన్నదని అంటాండారు. నిజమేనా?

వద్దులే, చెప్పొద్దు పరశురామప్పా. చెప్తే కుట్టలేను.