తలగడ కింద మాత్రలు

"నిన్న పొద్దున ఆపరేషన్. ఆ సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు పాలల్లో ముంచుకుని హాయిగా తిన్నాను. కాలుందన్న సంగతే తెలియలేదు. ఇవాళ చూడమ్మా, ప్రాణం తోడేస్తోంది!"

మోకాలి కీలు మార్పించుకున్న పెద్దాయన పళ్లు బిగించి అన్నాడు. నర్సు దుప్పటి సర్దుతోంది.

"అదంతా నరానికిచ్చిన మత్తు సూది చలవ, బాబాయ్. ఇప్పుడు మత్తు దిగింది."

"మోకాలి కింద ఓ తలగడ పెట్టు తల్లీ."

"అక్కడ పెడితే కాలు వంగే ఉండిపోతుంది. మడమ కింద పెడతాను."

ఆయన పక్కనున్న తలగడ లాగగానే దాని కింద నుంచి నాలుగు మాత్రలు దొర్లాయి.

"ఇవేంటి బాబాయ్?"

"నొప్పి లేని కాలికి మందెందుకని..."

"ఇల్లంటుకున్నాక బావి తవ్వుతామా? మత్తు దిగకముందే పనిచెయ్యాలనే కదా ఇచ్చింది!"

"ఎవరికీ చెప్పకమ్మా. మా ఆవిడా చివరి రోజుల్లో ఇలాగే దాచేది. ఎంత కసిరానో!"

ఆమె కసరలేదు.

"డాక్టరుగారికి చెప్పక తప్పదు. ఇప్పుడేం ఇవ్వాలో ఆయనే చెప్పాలి."

"పొద్దున నడిపిస్తారటగా. నావల్ల కాదు. ఇక మంచానికే అంకితమా?"

"కదలకపోతే కీలు బిగుసుకుంటుంది. నాలుగడుగులే. నేను పక్కనుంటాను."

"నీ డ్యూటీ పొద్దున ఆరింటికే అయిపోతుందిగా?"

"మీ నాలుగడుగులూ అయ్యాకే ఇంటికి."

డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆయన చెప్పిన మాత్ర తెచ్చింది. పెద్దాయన మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించాడు, ఒకప్పుడు తను భార్య చేత నోరు తెరిపించి చూసినట్టే.

"మంచిది బాబాయ్, పడుకోండి."

దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసింది.